తొలినాళ్ల ఆఫ్రికన్ అమెరికన్ సాహిత్యం, క్రియేటివ్ రైటింగ్ రెండూ చెప్పే ఇంగ్లీష్ ప్రొఫెసర్ అవ్వాలంటే ఏం చెయ్యాలి

అమెరికాలో ఇంగ్లీష్ ప్రొఫెసర్ అనగానే చాలామందికి షేక్‌స్పియరో గ్రామరో గుర్తొస్తుంది గానీ ఆ డిపార్ట్‌మెంట్ లోపల చాలా రకాల పనులుంటాయి. వాటిల్లో నాకు ప్రాణమైనది, మనవాళ్లు దాదాపు ఎవరూ ఆలోచించనిది ఒకటుంది. తొలినాళ్ల ఆఫ్రికన్ అమెరికన్ సాహిత్యం చదువుతూ చెప్తూ, పక్కనే కవిత్వమో కథలో రాసుకుంటూ, పిల్లలకి క్రియేటివ్ రైటింగ్ కూడా నేర్పడం. రెండు పడవల మీద కాళ్లు పెడుతున్నావు మునిగిపోతావు అని పెద్దవాళ్లే భయపెడతారు, నేనైతే ఒప్పుకోను. ఈ ఫీల్డ్‌లో పాత కాగితాలు వెతికే పనీ కొత్తగా రాసే పనీ విడివిడిగా లేవు, ఒకటి రాకపోతే రెండోది సరిగ్గా రాదు. ఎందుకో ముందు చెప్తా, అది అర్థమైతే ఏ డిగ్రీ చెయ్యాలి దగ్గర్నుంచి టెన్యూర్ (అంటే ఉద్యోగం పర్మనెంట్ అవ్వడం) ఫైల్లో ఏం పెట్టాలి దాకా అన్నీ వాటంతటవే తేలతాయి.

తొలినాళ్లు అంటే ఎక్కడ్నుంచి ఎక్కడిదాకా అంటే, డిపార్ట్‌మెంట్‌ని బట్టి మారుతుంది. కొందరు 1865లో సివిల్ వార్ అయిపోయేదాకా అంటారు, కొందరు 1900 దాకా లాగుతారు. మొదలు మాత్రం 18వ శతాబ్దమే. లూసీ టెర్రీ అనే ఆవిడ 1746లో మసాచుసెట్స్‌లోని డీర్‌ఫీల్డ్‌లో జరిగిన దాడి మీద ఒక పాట కట్టింది, అది వందేళ్ల పైన జనం నోట్లోనే బతికి 1850ల్లో గానీ అచ్చు కాలేదు. 1760లో బ్రిటన్ హామన్ అనే ఆయన తన కథ చెప్పుకున్న చిన్న పుస్తకం బోస్టన్‌లో వచ్చింది, అదే ఏడాది క్రిస్మస్ తేదీతో జూపిటర్ హామన్ రాసిన పద్యం ఉంది (ఇద్దరూ వేరు వేరు మనుషులు, పేర్లు చూసి కలిపేసుకోకండి). 1773లో ఫిలిస్ వీట్లీ పద్యాల పుస్తకం, 1789లో లండన్‌లో ఒలౌడా ఈక్వియానో ఆత్మకథ, 1827లో న్యూయార్క్‌లో నల్లజాతివాళ్లే పెట్టి నడిపిన మొదటి పేపర్ ఫ్రీడమ్స్ జర్నల్, 1829లో బోస్టన్‌లో బానిసత్వానికి ఎదురుగా డేవిడ్ వాకర్ రాసిన అప్పీల్ అనే చిన్న పుస్తకం. అదే 1829లో నార్త్ కరోలినాలో ఇంకా బానిసగానే ఉన్న జార్జ్ మోజెస్ హార్టన్ పద్యాల పుస్తకం రాలీలో అచ్చయింది, ఈయన చాపెల్ హిల్‌లో కాలేజీ కుర్రాళ్లకి ప్రేమ పద్యాలు అల్లి డబ్బులు తీసుకునేవాడు, ఆ డబ్బుతో తన స్వేచ్ఛ కొనుక్కోవాలని చూశాడు, కుదర్లేదు. తర్వాత 1845లో ఫ్రెడరిక్ డగ్లస్ ఆత్మకథ, 1853లో లండన్‌లో విలియం వెల్స్ బ్రౌన్ నవల, 1859లో హ్యారియెట్ విల్సన్ నవల, 1861లో హ్యారియెట్ జేకబ్స్ ఆత్మకథ. ఇది మొత్తం లిస్ట్ కాదు, మొదట చెయ్యాల్సినంత.

వీటిని సారాంశాల్లో చదవద్దు. రెండు మూడు పుస్తకాలు తీసుకుని అట్ట నుంచి అట్ట దాకా నెమ్మదిగా చదవండి, ముఖ్యంగా అసలు విషయం మొదలయ్యే ముందుండే పేజీలు. అందరూ తిప్పేసే పేజీలవే.

ఫిలిస్ వీట్లీ పుస్తకమే చూద్దాం. ఈ అమ్మాయిని 1761లో పశ్చిమ ఆఫ్రికా నుంచి బోస్టన్‌కి ఓడలో తెచ్చి అమ్మారు, అప్పటికి ఏడెనిమిదేళ్లు ఉంటాయేమో, ఆ ఓడ పేరే ఆమెకి పెట్టారు. పుస్తకం వేద్దామని 1772లో బోస్టన్‌లో చందాదారుల కోసం ప్రకటన ఇస్తే సరిపడా జనం ముందుకు రాలేదు, చివరికి 1773లో లండన్‌లో అచ్చయింది. తెరవగానే బొమ్మ ఉంటుంది, బల్ల ముందు కూర్చుని చేతిలో ఈక కలం పట్టుకుని చెంప మీద వేలు పెట్టి ఆలోచిస్తున్న ఒక నల్లజాతి యువతి. బొమ్మ చుట్టూ, టైటిల్ పేజీలోనూ ఆమె పేరు పక్కనే ఆమె ఎవరి సేవకురాలో కూడా అచ్చేశారు. తర్వాత ముందుమాట, తర్వాత యజమాని రాసిన ఉత్తరం, ఆ తర్వాత ఈ పద్యాలు ఈ అమ్మాయే రాసిందని మేం నమ్ముతున్నాం అంటూ బోస్టన్‌లోని 18 మంది పెద్దమనుషుల పేర్లు, అందులో గవర్నర్ థామస్ హచిన్సన్ ఉన్నాడు, జాన్ హ్యాంకాక్ ఉన్నాడు. ఇవన్నీ దాటుకుని వస్తే గానీ పాఠకుడు మొదటి పద్యం దగ్గరికి రాడు. ఇదొక్కటి నిదానంగా చూస్తే చాలు, ఆ రోజుల్లో ఒక నల్లజాతి మనిషి పుస్తకం వేయాలంటే ఎంతమంది తెల్లవాళ్ల సంతకాలు మోసుకురావాల్సి వచ్చిందో తెలుస్తుంది.

ఇప్పుడు అసలు విషయం. ఆ 18 మంది ఒక గదిలో వరసగా కూర్చుని ఆమెని నిలబెట్టి పరీక్ష పెట్టారు అనే సీన్ చాలాచోట్ల చదువుతాం, క్లాసుల్లో కూడా చెప్పేస్తుంటారు. అలాంటి మీటింగ్ జరిగినట్టు చూపించే కాగితం ఒక్కటీ దొరకలేదు. ఉన్నది ఆ పేర్ల పేజీ మాత్రమే, మిగతాది ఎవరో బాగా ఊహించుకుంటే ఆ ఊహ చరిత్రలాగా తిరుగుతోంది. ఊహ తప్పని నేననను, కవి ఆ గదిని ఊహించి రాయొచ్చు, రాయాలి కూడా. కానీ కాగితం ఎక్కడ ఆగిందో మన ఊహ ఎక్కడ మొదలైందో మనకి తెలిసుండాలి, చదివేవాళ్లకి తెలియనివ్వాలి. ఆర్కైవ్ పని (పాత కాగితాలు వెతికే పని), రాత పని రెండూ తెలిసినవాళ్లకే ఆ గీత స్పష్టంగా కనపడుతుంది, మీ కెరీర్ మొత్తం ఆ గీత మీదే నడుస్తుంది.

ఈ ఫీల్డ్‌లో దొరికినవాటి కన్నా పోయినవి ఎక్కువ. వీట్లీయే 1779లో రెండో పుస్తకం వేస్తానని ప్రకటించింది, చందాలు రాలేదు, 1784లో చనిపోయింది, ఆ రాతప్రతి ఇంతవరకూ ఎవరికీ దొరకలేదు. నల్లజాతి రచయిత మార్టిన్ డిలేనీ నవల 1859 నుంచి 1862 మధ్యలో పత్రికల్లో సీరియల్‌గా వచ్చింది, చివరి భాగాలున్న సంచికలు కనపడట్లేదు, కథ ఎలా ముగిసిందో మనకి తెలీదు. అలాగని అన్నీ పోలేదు. హ్యారియెట్ జేకబ్స్ పుస్తకం మారుపేరుతో వచ్చింది కాబట్టి, ఎడిటర్‌గా తెల్లజాతి రచయిత్రి పేరు ఉంది కాబట్టి, చాలాకాలం అది నవల అనే అనుకున్నారు, పేరున్న చరిత్రకారులు కూడా నమ్మలేదు. జీన్ ఫేగన్ యెల్లిన్ అనే ప్రొఫెసర్ కూర్చుని జేకబ్స్ తన స్నేహితురాలు ఎమీ పోస్ట్‌కి రాసిన ఉత్తరాలు చదివి, ఆ ఉత్తరాల్లో భాష, మనుషులు, ఊళ్లు పుస్తకంతో ఒక్కొక్కటిగా కలిపి చూపించింది, 1987లో ఆమె వేసిన ఎడిషన్ తర్వాత ఆ వాదన అయిపోయింది. ఆ ఉత్తరాలు అంతకు ముందు నుంచీ రోచెస్టర్ యూనివర్సిటీ లైబ్రరీలోనే ఉన్నాయి, ఎవరో దాచిపెట్టినవి కావు. ఓపిగ్గా చదివే మనిషి రావాలి, అంతే.

హ్యారియెట్ విల్సన్ నవలని 1983లో హెన్రీ లూయిస్ గేట్స్ అనే ప్రొఫెసర్ మళ్లీ అచ్చేయించి ఆమె నల్లజాతి రచయిత్రే అని రుజువు చేసేదాకా ఎవరికీ పట్టలేదు. 19వ శతాబ్దపు నల్లజాతి కవయిత్రి ఫ్రాన్సెస్ హార్పర్ మొదటి పద్యాల పుస్తకం ఇక లేదు అని అందరూ రాసేసుకున్నాక, జొహానా ఆర్ట్‌నర్ అనే పరిశోధక విద్యార్థిని బాల్టిమోర్‌లో మేరీల్యాండ్ హిస్టారికల్ సొసైటీకి వెళ్లి అడిగితే అక్కడుంది, 2015లో బయటపెట్టింది. స్టూడెంట్‌గా ఉన్నప్పుడే అంత పని జరిగింది. కాబట్టి నాకు పేరు లేదు, నేనేం కనిపెడతాను అని వెనక్కి తగ్గొద్దు.

డిగ్రీ విషయానికొద్దాం. దార్లు మూడున్నాయి. ఒకటి, నాలుగేళ్ల బీఏ తర్వాత ఇంగ్లీష్ పీహెచ్‌డీ, ఐదు నుంచి ఏడేళ్లు పడుతుంది, ఇందులో డిసర్టేషన్ అంటే పరిశోధన. రెండు, క్రియేటివ్ రైటింగ్‌లో ఎంఎఫ్ఏ (మాస్టర్ ఆఫ్ ఫైన్ ఆర్ట్స్), రెండు మూడేళ్లు, రైటింగ్ టీచింగ్ ఉద్యోగాలకి ఇదే ఆఖరి డిగ్రీగా లెక్కేస్తారు, కానీ దీంతో పాటు అచ్చయిన పుస్తకం ఉంటేనే ఉద్యోగం మాట. మూడోది, చాలామందికి తెలియనిది, క్రియేటివ్ డిసర్టేషన్‌తో ఇంగ్లీష్ పీహెచ్‌డీ. హ్యూస్టన్, డెన్వర్, యూటా, యూఎస్‌సీ (సదర్న్ కాలిఫోర్నియా యూనివర్సిటీ) లాంటి చోట్ల ఉంది, మీరు సాహిత్యంలో పరీక్షలు రాస్తారు, పరిశోధన చేస్తారు, డిసర్టేషన్‌లో ప్రధాన భాగం మీ నవలో కవిత్వమో ఉంటుంది. ఈ పోస్ట్ మొదట్లో చెప్పిన కెరీర్‌కి మూడోది సరిగ్గా సరిపోతుంది, లేదంటే ఎంఎఫ్ఏ చేసి తర్వాత మామూలు పీహెచ్‌డీ, ఏళ్లు ఎక్కువ పడతాయి గానీ రెండు రకాల ఉద్యోగాలకీ అర్హత ఉంటుంది.

ఈ దారిలో ముందు నడిచిన మనిషి ఒకరు కావాలంటే నల్లజాతి కవయిత్రి మార్గరెట్ వాకర్‌ని చూడండి. 1942లో కవిత్వానికి యేల్ యువకవుల ప్రైజ్ వచ్చింది. తర్వాత మిసిసిపీలో జాక్సన్ స్టేట్ అనే కాలేజీలో పాఠాలు చెప్తూ, పిల్లల్ని పెంచుకుంటూ, తన ముత్తవ్వ బానిసత్వం నాటి కథ మీద ఏళ్లకేళ్లు కాగితాలు వెతికి నవల రాసింది, అయోవా యూనివర్సిటీలో ఆ నవలే ఆవిడ పీహెచ్‌డీ డిసర్టేషన్, 1966లో జూబిలీ అనే పేరుతో అచ్చయింది. 1973లో వీట్లీ పుస్తకానికి 200 ఏళ్లు నిండితే జాక్సన్ స్టేట్‌లో ఫిలిస్ వీట్లీ కవిత్వ పండగ పెట్టి నల్లజాతి కవయిత్రుల్ని ఒకచోటికి పిలిచింది. పరిశోధన, రాత, టీచింగ్, మనుషుల్ని కూడగట్టడం, అన్నీ ఒక్క కెరీర్‌లోనే. రెండు పడవలు అనే వాళ్లకి నేను చూపించేది ఈవిడనే.

డబ్బు సంగతి ఖచ్చితంగా చెప్పేస్తున్నా, హ్యుమానిటీస్ పీహెచ్‌డీకి మీ జేబులోంచి ఫీజు కట్టొద్దు, అప్పు చెయ్యొద్దు. మంచి ప్రోగ్రామ్ అయితే ట్యూషన్ మాఫీ చేసి, హెల్త్ ఇన్సూరెన్స్ ఇచ్చి, నెల నెలా స్టైపెండ్ ఇస్తుంది, బదులుగా మీరు ఫస్ట్ ఇయర్ పిల్లలకి కాంపోజిషన్ క్లాసులు చెప్పాలి. సీటు ఇచ్చి ఫండింగ్ ఇవ్వకపోతే మర్యాదగా వద్దనండి, మరుసటి ఏడాది మళ్లీ అప్లై చెయ్యండి. ఎంఎఫ్ఏల్లో ఫండింగ్ ఉన్నవీ లేనివీ రెండూ ఉంటాయి, అక్కడ ఇంకా జాగ్రత్త. డెడ్‌లైన్లు ఎక్కువగా డిసెంబర్, జనవరిలో ఉంటాయి, ఆఫర్లు వచ్చాక చాలా యూనివర్సిటీలకి ఏప్రిల్ 15 దాకా జవాబు చెప్పే టైమ్ ఉంటుంది, ఆ లోపు మీద పడి తొందరపెడితే లొంగొద్దు.

అప్లికేషన్‌లో అన్నిటికన్నా బరువైనది రైటింగ్ శాంపిల్, సాధారణంగా 15 నుంచి 20 పేజీలు. నల్లజాతి సాహిత్యంలో స్వేచ్ఛ అనే లాంటి టాపిక్ పెట్టి పది పుస్తకాలు పైపైన తడిమేస్తే కమిటీ మూడో పేజీలో పక్కన పెట్టేస్తుంది. ఒకే పద్యం, ఒకే ఉత్తరం, ఒకే టైటిల్ పేజీ తీసుకుని దాని లోపలికి వెళ్లండి. ఆఫ్రికా నుంచి అమెరికాకి తేవడం మీద వీట్లీ రాసిన ఎనిమిది లైన్ల పద్యం ఉంది కదా, దాని ఏడో లైన్లో క్రైస్తవులు, నీగ్రోలు అని రెండు మాటలు కామాలతో పక్క పక్కన ఉంటాయి, చివరి లైన్లో శుద్ధి పొంది దేవదూతల్లో చేరొచ్చు అంటుంది. మామూలుగా చదివితే క్రైస్తవులారా, నల్లవాళ్లు కూడా శుద్ధి పొందగలరు గుర్తుంచుకోండి అని. ఇంకోలా చదివితే, క్రైస్తవులకీ నల్లవాళ్లకీ ఇద్దరికీ ఆ శుద్ధి అవసరమే అని తిరగబడుతుంది. యజమానుల ఇంట్లో కూర్చుని, యజమానులే చదువుతారని తెలిసి రాసిన పిల్ల ఆ మాట అనేసిందా అన్నదాని మీదే ఎంతోమంది ఎన్నో రాశారు, ఇంకా రాయొచ్చు. ఇలాంటి చిన్న చోట పట్టుకుని 15 పేజీలు నిలబెట్టగలిగితే మీరు ఈ పనికి పనికొస్తారని వాళ్లకి అర్థమవుతుంది.

ఎక్కడ అప్లై చెయ్యాలి అంటే ర్యాంకింగ్ చూడకండి, మనుషుల్ని చూడండి. తొలినాళ్ల మీద పనిచేసే ప్రొఫెసర్ కనీసం ఒకరు, క్రియేటివ్ వైపు ఆర్కైవ్ పనిని గౌరవించేవాళ్లు ఒకరు, దగ్గర్లో పాత పుస్తకాలు, కాగితాలున్న మంచి కలెక్షన్ ఒకటి ఉండాలి. వాషింగ్టన్‌లో హోవర్డ్ యూనివర్సిటీలోని మూర్లాండ్ స్పింగార్న్, హార్లెమ్‌లో షాంబర్గ్ సెంటర్, ఫిలడెల్ఫియాలో లైబ్రరీ కంపెనీ, వూస్టర్‌లో అమెరికన్ యాంటిక్వేరియన్ సొసైటీ, యేల్ యూనివర్సిటీ బైనెకీ లైబ్రరీలో జేమ్స్ వెల్డన్ జాన్సన్ కలెక్షన్, ఈ పేర్లు గుర్తుపెట్టుకోండి.

ఆర్కైవ్‌కి వెళ్లే ముందు ఇంట్లో కూర్చుని చెయ్యగలిగింది చాలా ఉంది. నార్త్ కరోలినా యూనివర్సిటీ వాళ్ల డాక్యుమెంటింగ్ ది అమెరికన్ సౌత్ సైట్‌లో బానిసత్వ ఆత్మకథలు ఉచితంగా చదవొచ్చు. కలర్డ్ కన్వెన్షన్స్ ప్రాజెక్ట్‌లో 1830ల నుంచి నల్లజాతివాళ్లు ఊరూరా పెట్టుకున్న సమావేశాల మినిట్స్ దొరుకుతాయి. అవి చదివితే ఈ సాహిత్యం అంటే బానిసత్వ కథలొక్కటే అనే అపోహ పోతుంది, స్కూళ్ల గురించీ ఓటు గురించీ పేపర్ల గురించీ వాళ్లు గట్టిగా వాదించుకున్న మాటలు వినపడతాయి. 18వ శతాబ్దం అచ్చులో ఎస్ అక్షరం చాలాచోట్ల పొడుగ్గా ఎఫ్ లాగా కనిపిస్తుంది, మొదట్లో విసుగొస్తుంది, వారం రోజులు రోజూ కాసేపు పైకి చదివితే కన్ను అలవాటు పడిపోతుంది. చేతిరాతకి ఇంకా ఎక్కువ కాలం పడుతుంది.

రీడింగ్ రూమ్‌కి వెళ్లాలంటే ముందే ఈమెయిల్ పెట్టండి, ఏం వెతుకుతున్నారో క్యూరేటర్‌కి వివరంగా రాయండి, క్యాటలాగ్‌లో లేనివి వాళ్ల బుర్రలో ఉంటాయి. లోపలికి పెన్ను తీసుకెళ్లనివ్వరు, పెన్సిల్ లేదా లాప్‌టాప్ మాత్రమే, బ్యాగు కోటు లాకర్లో పెట్టాలి, చేతులు శుభ్రంగా కడుక్కోవాలి, పుస్తకాన్ని ఫోమ్ దిండు మీదే తెరవాలి, పేజీ నిలబడటానికి లోపల బరువున్న తాడు లాంటిది ఇస్తారు. ఫోటోకి పర్మిషన్ ఇస్తే ప్రతి ఫోల్డర్‌కి మొదట ఆ ఫోల్డర్ లేబుల్ ఫోటో తీసి ఆ తర్వాతే లోపలి కాగితాలు తియ్యండి, లేదంటే ఇంటికెళ్లాక ఏది ఏ పెట్టెలోదో తెలీక ఏడవాల్సొస్తుంది. కాగితం వెనక వైపు కూడా తిప్పి చూడండి, ఎవరిదో లెక్క, ఎవరిదో పేరు, ఒక్కోసారి అసలు ఆధారం అక్కడే ఉంటుంది. ఈ లైబ్రరీల్లో చాలావాటికి కొన్ని వారాలు ఉండి చదువుకోడానికి డబ్బిచ్చే ఫెలోషిప్‌లున్నాయి, యాంటిక్వేరియన్ సొసైటీ అయితే పరిశోధకులకే కాదు కవులకీ రచయితలకీ కూడా విడిగా ఇస్తుంది. ఆనరీ ఫనాన్ జెఫర్స్ వీట్లీ జీవితం మీద 2020లో తెచ్చిన కవిత్వ పుస్తకం వెనక అక్కడ చేసిన పరిశోధన ఉంది, ఆమె కూడా ప్రొఫెసరే.

కాగితాలు ఒకదానికొకటి ఎదురు చెప్తే ఏం చెయ్యాలి? ఈక్వియానో తన పుస్తకంలో ఆఫ్రికాలో పుట్టానని రాసుకున్నాడు, లండన్ బాప్టిజం రికార్డులో కరోలినాలో పుట్టాడని ఉంది, విన్సెంట్ కరెటా అనే పరిశోధకుడు అది బయటపెట్టాక వాదన మొదలైంది, ఇంకా నడుస్తోంది. ఆ రికార్డులో ఆ మాట ఎవరు చెప్పి రాయించారో, ఎందుకో, మనకి కనపడదు. అలాంటప్పుడు ఒక పక్షం పట్టుకుని గట్టిగా అరవద్దు, రెండూ పాఠకుడి ముందు పెట్టి మీరు ఎటు మొగ్గుతున్నారో, ఎందుకో చెప్పండి.

సొంత రాతలో నేను పాటించేది ఏంటంటే, కథకో కవితకో మూడు రంగుల్లో నోట్స్ పెట్టుకోవడం, కాగితంలో ఉన్నది ఒక రంగు, ఆ కాలం గురించి తెలిసినదాన్నిబట్టి జరిగుండొచ్చు అనేది ఇంకో రంగు, పూర్తిగా నేను కల్పించింది మూడోది. పుస్తకం చివర నోట్ రాయాల్సినప్పుడు ఇది ప్రాణం కాపాడుతుంది. నిజంగా బతికిన మనిషి పేరు పెట్టి ఆమె రాసినట్టు ఉత్తరం కల్పిస్తే అది కల్పితమని స్పష్టంగా చెప్పాలి. కొరడా దెబ్బల సీన్లు పేజీలకి పేజీలు రాయడం సాహిత్యం అనుకోవద్దు, వాళ్లు నవ్వారు, పాడారు, పేర్లు పెట్టుకున్నారు, ఉత్తరాల కోసం ఎదురు చూశారు, అది రాయడమే కష్టం. ఇంకోటి, ఈ చరిత్ర మీ కుటుంబానిది కాకపోతే మీకన్నా ముందు దశాబ్దాల తరబడి ఈ పని చేసిన నల్లజాతి పండితుల్ని చదవండి, పేరు పెట్టి చెప్పండి. మిగతా సంఘాలు పట్టించుకోని రోజుల్లో, 1937లో, నల్లజాతి అధ్యాపకులు పెట్టుకున్న కాలేజ్ లాంగ్వేజ్ అసోసియేషన్ ఇప్పటికీ నడుస్తోంది, దాని కాన్ఫరెన్స్‌కి వెళ్లి ముందు వినండి. కేవ్ కేనమ్ లాంటి సంస్థలు నల్లజాతి కవుల కోసం పెట్టినవి, అందులో చోటు అడగొద్దు, వాళ్ల పుస్తకాలు కొనండి, క్లాసులో చెప్పండి. క్యాలలూ పత్రిక, ఆఫ్రికన్ అమెరికన్ రివ్యూ, ఎర్లీ అమెరికన్ లిటరేచర్, ఈ మూడూ పాత సంచికల నుంచి చదువుకుంటూ రండి, ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారో తెలుస్తుంది.

టీచింగ్ నేర్చుకోడానికి ఎవరూ కూర్చోబెట్టి చెప్పరు, పీహెచ్‌డీలో క్లాసులో పడేస్తారు అంతే. నాకు బాగా పనిచేసిన ఎక్సర్‌సైజ్ ఒకటి ఇస్తున్నా వాడుకోండి. 18వ శతాబ్దం పేపర్లలో పారిపోయిన మనుషుల కోసం యజమానులు వేసిన ప్రకటనలుంటాయి, ఎత్తు, బట్టలు, మచ్చలు, ఏ పని వచ్చు, ఫిడేలు వాయిస్తాడా, చదవడం వచ్చా, పట్టిస్తే ఎంత. ఒక ప్రకటన ఇచ్చి మొదటి అరగంట దానిలో ఖచ్చితంగా ఏముందో మాత్రమే రాయమనండి. తర్వాత యజమాని తనకి తెలీకుండానే ఈ మనిషి గురించి ఏం ఒప్పేసుకున్నాడో రాయమనండి, తెలివైనది, నాలుగు భాషలొచ్చు, ఇంతకు ముందూ వెళ్లిపోయింది, ఇలాంటివి. ఆఖరికి ఆ మనిషి వైపు నుంచి ఒక పేజీ, అందులో కల్పించిన ప్రతి చోటా కింద గీత గీయాలి. సాహిత్యం క్లాసులోనూ రైటింగ్ క్లాసులోనూ ఇదే ఇస్తాను, రెండు చోట్లా పిల్లలు సైలెంట్ అయిపోయి రాస్తారు. పాత పుస్తకాల్లో అవమానకరమైన మాటలొస్తాయి, అవి పైకి చదవాలా వద్దా అనేది మొదటి వారమే క్లాసు మొత్తం మాట్లాడుకుని తేల్చేసుకోండి, మధ్యలో వచ్చినప్పుడు చూద్దాంలే అంటే ఎవరో ఒక పిల్ల మనసు నొచ్చుకున్నాక గానీ చూడరు. అలాగే క్లాసులో ఉన్న ఒక్క నల్లజాతి స్టూడెంట్ వైపు తిరిగి నువ్వేమంటావ్ అని అడగొద్దు.

ఉద్యోగాల మార్కెట్ బాగోలేదు, ఇది తెలిసే దిగండి. పీహెచ్‌డీ చేసినవాళ్లలో చాలామందికి టెన్యూర్ ట్రాక్ దొరకట్లేదు, క్లాసుకింత అని ఇచ్చే అడ్జంక్ట్ పనులతో ఏళ్లు గడుపుతున్నారు. ప్రకటనలు ఎక్కువగా సెప్టెంబర్ నుంచి మోడర్న్ లాంగ్వేజ్ అసోసియేషన్ (ఎంఎల్ఏ) జాబ్ లిస్ట్‌లో వస్తాయి. రెండూ చేసినవాళ్లకి ఉన్న లాభం ఏంటంటే రెండు రకాల ప్రకటనలకీ వెళ్లొచ్చు, 1900కి ముందు ఆఫ్రికన్ అమెరికన్ సాహిత్యం అని వచ్చినవాటికీ, కవిత్వం కావాలి, ఆఫ్రికన్ అమెరికన్ సాహిత్యం చెప్పగలిగితే ఇంకా మంచిది అని వచ్చినవాటికీ. కానీ ఒకే లెటర్ రెండిటికీ పంపొద్దు, మొదటి దానికి డిసర్టేషన్ ముందు, రెండోదానికి మీ పుస్తకం ముందు. చిన్న కాలేజీలకి ఇద్దరి పని చేసే ఒక్క మనిషి బాగా అవసరం, సెమిస్టర్‌కి నాలుగు క్లాసులుంటాయి, రాయడానికి వేసవి మాత్రమే మిగులుతుంది. పెద్ద రీసెర్చ్ యూనివర్సిటీల్లో రెండే క్లాసులు, కానీ పుస్తకం కోసం ఒత్తిడి. హోవర్డ్, స్పెల్‌మన్, మోర్‌హౌస్, ఫిస్క్ లాంటి చారిత్రక నల్లజాతి కాలేజీల ప్రకటనలు తప్పకుండా చూడండి, ఈ సాహిత్యాన్ని ఎవరూ ముట్టుకోని రోజుల్లో నిలబెట్టింది అవే. క్యాంపస్ విజిట్‌కి పిలిస్తే జాబ్ టాక్ (మీ పని గురించి ఉపన్యాసం), డెమో క్లాసు, క్రియేటివ్ పోస్ట్ అయితే మీ రచన చదవడం కూడా ఉంటాయి, రోజంతా మనుషుల్ని కలుస్తూనే ఉంటారు, కాబట్టి డెమో క్లాసుకి ఒకే పేజీ టెక్స్ట్ పెట్టుకోండి.

ఆఫర్ వచ్చాక సంతకం పెట్టేముందు ఒక్క ప్రశ్న అడిగి జవాబు రాతలో తీసుకోండి, టెన్యూర్‌కి కవిత్వ సంపుటి లేదా నవల, పరిశోధన గ్రంథంతో సమానంగా లెక్కకొస్తుందా, పాత పుస్తకానికి వేసిన స్కాలర్లీ ఎడిషన్ లెక్కకొస్తుందా. నోటి మాటగా ఛైర్ (డిపార్ట్‌మెంట్ హెడ్) అవునంటాడు, ఆరో ఏడాదికి ఛైర్ మారిపోతాడు, కొత్త కమిటీ మీ నవలని హాబీ అంటుంది. రాతలో ఉంటే ఆ మాట అనలేరు. టెన్యూర్ రివ్యూ సాధారణంగా ఆరో ఏట, బయటి యూనివర్సిటీల ప్రొఫెసర్లు మీ పని మీద ఉత్తరాలు రాస్తారు, అందుకే పరిశోధన వైపు నుంచీ రచన వైపు నుంచీ మీ పని చదివినవాళ్లు ఉండేలా మొదటి ఏడాది నుంచే కాన్ఫరెన్స్‌ల్లో పరిచయాలు పెంచుకోండి. డైవర్సిటీ కమిటీ, కవుల విజిట్లు, విద్యార్థుల పత్రిక అన్నీ మీకే అప్పజెప్పాలని చూస్తారు. ఏడాదికి ఒకటి ఒప్పుకుని, మిగతావాటికి మూడో ఏడాది రివ్యూ అయ్యాక చూద్దాం అని ఛైర్‌కి ఈమెయిల్లో చెప్పండి, ఆ ఈమెయిల్ దాచుకోండి. ఫైల్లో మీ పుస్తకాల ముందు రెండు పేజీల స్టేట్‌మెంట్ రాస్తారు కదా, అందులో పరిశోధన ఒక పేరా రచన ఒక పేరా అని విడగొట్టకుండా, ఫలానా పెట్టెలో ఫలానా కాగితం దొరికింది, దాంతో ఈ వ్యాసం రాశాను, అది చెప్పలేనిది ఈ కవితల్లో రాశాను, ఇదే ఈ క్లాసులో చెప్పాను అని ఒక్క ఉదాహరణని మొదట్నుంచి చివరిదాకా నడిపించండి, కమిటీలో ఈ ఫీల్డ్ తెలియనివాళ్లకి కూడా మీరు చేసేది ఏంటో ఒక్కసారి చదివితే అర్థమవుతుంది.